గాలి కొట్టేటప్పుడు మాట లేదు

మా పెరట్లో బర్రె నీళ్ళు తాగే తొట్టి ఒకప్పుడు డీసీఎం వ్యాను వెనక చక్రపు టైరు. మా ఆయన దాన్ని రంపంతో నడిమికి కోసి, ఒక సగాన్ని వేప చెట్టు మొదట్లో పెట్టాడు. ఆయన పోయి మూడేళ్ళయింది, తొట్టి మాత్రం అట్లాగే ఉంది. మొన్న వాన పడ్డ మర్నాడు మా కోడలు రూతమ్మ దాన్ని బోర్లించి, దోమలు పెరుగుతున్నాయి, పాత ఇనుముల వాడికి వేసేద్దాం అన్నది. నేను ఆగమన్నాను. వంగి టైరు లోపలి అంచు వెంట బొటనవేలు నడిపితే, తుప్పు పట్టిన తీగల మొనలు వరసగా గుచ్చుకున్నాయి. నా తోడికోడలు సుగుణ అప్పుడు అరుగు మీద కూర్చుని బొబ్బర్లు ఒలుస్తున్నది. టైరును చూసి చేతులు ఆపింది.

నన్ను అందరూ మరియక్క అంటారు. నాకు లెక్క తప్పితే నిద్ర పట్టదు. ఏ బండికి ముందు ఎంత గాలి, వెనక ఎంత గాలి, బరువు వేస్తే ఎంత అన్నది ఇప్పటికీ అడిగిన వెంటనే చెబుతాను. మా ఆయన దావీదు పంచర్లు వేసేవాడు, నేను గాలి మీటరు చూసేదాన్ని. ఆ దుకాణం తొలి యేండ్లలో జరిగిన ఒక సంగతి లెక్క మాత్రం నాకు ఎప్పుడూ సరిగ్గా తేలలేదు. దానికి కారణమైన టైరు ఇదే. కాబట్టి నాకు గుర్తున్నదాన్ని గుర్తున్నట్టే రాస్తాను, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

తెలంగాణ రాక ముందు మా దుకాణం కట్టంగూర్ దగ్గర హైవే అంచునే ఉండేది. నాలుగు రేకులు, ఒక బల్ల, నీళ్ళ తొట్టి, అంతే. లారీలు రోడ్డు మీదనే ఒరిగి నిలబడేవి, మా ఆయన వాటి పక్కన కూర్చుని నట్లు విప్పుతుంటే వెనక నుంచి బస్సులు గాలి విసురుతూ పోయేవి. ఒకరోజు రోడ్డు మనుషులు వచ్చి, రోడ్డు జాగాలో బండ్లు నిలపొద్దు, చక్రాలు విప్పొద్దు, దుకాణం తియ్యమన్నారు. రోడ్డుకు ఎదుటి వైపు ఇంకొక పంచరు దుకాణం ఉండేది, వాడు రెండు రోజులు మూసి మళ్ళీ తెరిచాడు. మా ఆయన మాత్రం ఒక రైతు జాగా కిరాయికి మాట్లాడి, కేకేస్తే వినపడేంత దూరం లోపలికి మారాడు. పంచాయతీ కాగితం తెచ్చుకున్నాడు, కరెంటు మీటరు తన పేరు మీద పెట్టించుకున్నాడు. మా వాడకట్టు వాళ్ళు నవ్వారు. రోడ్డు విడిచి పొలంలోకి పోయిన పంచరు దుకాణానికి పిట్టలు వస్తాయా అన్నారు. నిజమే, మొదటి కొన్నాళ్ళు బండ్లు తక్కువే వచ్చాయి. కాని అక్కడ ఒకటి దొరికింది, రోడ్డు మీద ఎన్నడూ దొరకనిది. నిశ్శబ్దం. అది మాకు ఎంత అవసరమో చెప్పాలంటే ఆయన చెవుల సంగతి చెప్పాలి.

పెళ్ళయిన కొత్తలో ఆయన నల్లగొండలో ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చాడు. అప్పట్లో లారీ చక్రాలకు టైరును పట్టి ఉంచే ఇనుప రింగు ఉండేది. గాలి నిండుతుంటే ఆ రింగు సరిగ్గా కూర్చోకపోతే సుత్తెతో ఒక దెబ్బ వేసి కూర్చోబెట్టడం అందరికీ అలవాటు. ఒకనాడు అట్లా దెబ్బ వేసినప్పుడు రింగు ఊడి పైకి ఎగిరింది. కొట్టినవాడు దవాఖాన నుంచి తిరిగి పనికి రాలేదు. పక్కన నిలబడిన మా ఆయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. ఆ తరువాత ఆయన చేతికి తొందర అన్నది తెలియదు. గాలి ఉన్న చక్రాన్ని సుత్తెతో తాకేవాడు కాదు. కొత్త జాగాలో మొట్టమొదట చేసిన పని నాలుగు కడీలు పాతడం. పొలాల కంచెకు పాతే రాతి కడీలే. ఇనుప పంజరం కొనే స్తోమత లేక, వాటినే ఇటు రెండు అటు రెండు, సగం భూమిలోకి దిగేట్టు పాతి, నడుమ చక్రాన్ని నిలబెట్టి గొలుసు చుట్టేవాడు. పగిలే టైరు పక్కలకే కొడుతుందట, అందుకని చక్రం పక్కన మనిషి ఉండకూడదు. గాలి పైపు పొడుగ్గా తెచ్చి, చక్రం దొర్లే వైపుకు సూటిగా కట్టిన మొండి గోడ వెనక నన్ను కూర్చోబెట్టాడు. మీటరు నా ముందు, గాలి తిప్పే టాపు నా చేతిలో. గాలి పోసేదీ నేనే, వదిలేదీ నేనే.

వినేదీ నేనే. అదే అసలు పని. గాలి లేకుండా నడిచిన టైరుకు పక్క గోడల్లో తీగలు తెగుతాయని, అది బయటికి కనపడదని, మళ్ళీ గాలి కొడితే పగలబోయే ముందు లోపల పేలాలు వేగినట్టు చిటపటమంటుందని ఉస్తాదు చెప్పాడట. మా ఆయనకు ఆ చప్పుడు వినపడదు. నాకు మాత్రం ఆ మాట కొత్తగా అనిపించలేదు. మాది కోస్గి దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మా అవ్వ కుండలో ఇసుక పోసి జొన్న పేలాలు వేయించేది. పొయ్యి ముందర పిల్లలం మాట్లాడితే ఊరుకునేది కాదు. మొదటి గింజ ఎప్పుడు చిట్లిందో, ఆఖరి గింజ ఎప్పుడు ఆగిందో చెవితో పట్టుకుని కుండ దించేది. కళ్ళతో చూసి దించితే మాడిన తరువాతే తెలుస్తుంది అనేది. మూకుడు కింద ఆ మొదటి చిన్న చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్న పిల్లను నేను. అందుకే మా దుకాణంలో ఒక పద్ధతి పెట్టాను. గాలి కొట్టేటప్పుడు మాట లేదు. ట్యాంకు నింపి మోటారు ఆపేసేదాన్ని. ఎంత పెద్ద బండి ఓనరైనా సరే, నేను వేలు లేపితే నోరు మూసుకోవలసిందే. కొందరు గుళ్ళో ఉన్నట్టుందని నవ్వేవారు, కొందరు చిరాకుపడి ఎదుటి దుకాణానికి పోయేవారు.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడు, పత్తి ఏరే రోజులు. పొద్దున్నే టీ పెట్టాను, ఆయన సొల్యూషను డబ్బా మూత తీశాడు. ఆ రెండు వాసనలూ కలిస్తేనే మాకు తెల్లవారినట్టు. అప్పుడే లింగయ్య డీసీఎం వచ్చి నిలిచింది. వెనక తొట్టినిండా మా వాడకట్టు ఆడవాళ్ళు, వాళ్ళ ముందర సుగుణ. మా మరిది పోయినప్పటి నుంచి సుగుణే ఇల్లు నడుపుతున్నది, కూలికి పోయే ఆడవాళ్ళందరినీ కూడేసేది కూడా తనే. రైతులు ఆమెకే కబురు పెట్టేవారు. ఆ రోజు ఏరవలసిన చేను దూరం. ఆకాశం నల్లగా ఉంది. వాన లోపల ఏరకపోతే పత్తి తడిసి నల్లబడుతుంది, అటు రైతూ పోయె, ఇటు కూలీ పోయె. అందుకని వాళ్ళ తొందర నాకు తెలియనిది కాదు.

మనుషులు దిగితే తప్ప జాకీ పెట్టనని మా ఆయన అన్నాడు. సామాను బండిలో మనుషులను ఎక్కించడమే తప్పని పోలీసులు లింగయ్యకు ఇంతకుముందే చెప్పారు, ఆ మాట కూడా గుర్తు చేశాడు. ఆడవాళ్ళు గొణుక్కుంటూ దిగి వేప నీడలో కూర్చున్నారు. సద్ది మూటలు బండిలోనే ఉంచారు, ఇంతలోనే మళ్ళీ ఎక్కుతాం గదా అని. పోయింది వెనక జోడు చక్రాల్లో లోపలిది. అట్లాంటిదానికి గాలి పోయినా, బయటి చక్రం మోస్తుంది కాబట్టి డ్రైవరుకు తొందరగా తెలియదు. లింగయ్య ముందు రోజు ఆలేరులో బరువు వేసుకుని వచ్చాడట. ఎక్కడ మేకు దిగిందో, ఎంత దూరం అట్లా ఉత్తదే నలిగిందో అతనికే తెలియదు.

మా ఆయన టైరు విప్పి, ట్యూబు లాగి, లోపల చెయ్యి పెట్టాడు. వేళ్ళకు నల్లటి పొడి అంటింది. రబ్బరు రాలిన పొడి. టైరు పక్క గోడను రెండు చేతులతో నొక్కి చూశాడు, నన్నూ నొక్కమన్నాడు. ఒక చోట మెత్తగా లోపలికి పోయింది. ఆయన చెయ్యి తుడుచుకుని లేచాడు.

"ఇది సచ్చింది లింగయ్యా. సచ్చినదానికి గాలి కొట్ట."

చెవుడు వల్ల ఆయన మాట ఎప్పుడూ పెద్దగానే వచ్చేది. చెట్టు కింద ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

లింగయ్య మొదట నవ్వాడు. దుమ్మును చూసి చావంటున్నవు, ట్యూబుకు అతుకు వెయ్యి, మిగిలింది నేను చూసుకుంటానన్నాడు. స్టెపినీ లేదు, అది ముందే పోయింది. ఒంటి చక్రం మీద అంతమందిని తీసుకుపోలేడు. మా ఆయన ఇంకో టైరు తెచ్చుకొమ్మన్నాడు. లింగయ్య గొంతు పెరిగింది. చెట్టు కింద నుంచి సుగుణ లేచి వచ్చింది.

"బావకు చెప్పక్కా. మబ్బు జూడు ఎట్లున్నదో."

నేను చెప్పను, ఆయన అన్నదే మాట అన్నాను. సుగుణ చెట్టు కింది వాళ్ళ వైపు తిరిగింది.

"మా అక్కకేందమ్మా. నీడపట్టున కూసోని మీటరు ముల్లు జూస్తే దినం ఎల్లుతది. మనకు ఎల్లాలె గద."

వాళ్ళు నవ్వారు. నాకు మండింది, కాని అందులో అబద్ధం లేదు. లింగయ్య అప్పటికే టైరును నిలబెట్టి రోడ్డు వైపు దొర్లించబోతున్నాడు. ఎదుటి దుకాణం వాడు ఏమీ అడగడు, అతుకు వేసి, నేల మీద పడేసి, పక్కన కూర్చుని గాలి కొడతాడు. ఆ తరువాత ఆ చక్రం మీద, సరిగ్గా దాని మీద, సుగుణా మిగతా ఆడవాళ్ళూ కూర్చుంటారు. అది తలచుకునేసరికి నా నోట్లోంచి మాట వచ్చింది. టైరు మా కడీల నడుమ పెట్టు, నిండా గాలి పోస్తాను, చప్పుడు రాకపోతే తీసుకుపో, వస్తే ఇక్కడే విడిచిపెట్టు అన్నాను. లింగయ్య వెంటనే ఒప్పుకున్నాడు.

మా ఆయనకు నా మాటలు వినపడలేదు, పెదవులు చూసి పట్టుకున్నాడు. నన్ను గోడ వెనకకు పిలిచి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అడిగాడు.

"సప్పుడు రాకపోతే అది మంచిదని నీకెవరు జెప్పిండ్రు? రాకున్నా అది సచ్చినదే. గప్పుడేం జేస్తవు?"

కాని అప్పటికే మాట ఇచ్చేశాను. ఆయన వెళ్ళి, ట్యూబుకు అతుకు వేసి, చక్రాన్ని కడీల నడుమ నిలబెట్టి, ఎప్పుడూ చుట్టేదానికంటే రెండు చుట్లు ఎక్కువ గొలుసు చుట్టాడు. అందరినీ దూరంగా, గోడ వెనక వైపుకు తోలాడు. సుగుణ నా భుజం పక్కనే చతికిలబడింది. నేను మోటారు ఆపి వేలు లేపాను.

టాపు తిప్పాను. పైపు సన్నగా బుసకొట్టింది. ముల్లు కదిలింది. కొంచెం పోసి ఆపడం, వినడం, మళ్ళీ పోయడం. రోడ్డు మీద లారీలు దూరంగా మూలుగుతున్నాయి. ఎవరి గాజులో గలగలమన్నాయి, ఆగాయి. ముల్లు సగం దాటింది. ఏమీ లేదు. లింగయ్య చేతులు కట్టుకుని నన్ను చూసి కళ్ళతోనే నవ్వుతున్నాడు. ఇంకొంచెం పోశాను. ఏమీ లేదు.  ఇంకా కొంచెం పోస్తే నిండుతుంది, ఆ తరువాత నా మాట ప్రకారం ఆ టైరు పోతుంది, వీళ్ళందరూ దాని మీద పోతారు. చప్పుడు రావాలని నేను కోరుకుంటున్నాను, కోరుకున్న చెవికి లేనివి కూడా వినపడతాయేమోనని భయపడుతున్నాను. ముల్లు నిండేచోటికి వచ్చింది. టాపు కట్టేశాను.

అప్పుడు ఒకటి. చిట్. రాయి ఎండకు చిట్లినా అట్లాగే ఉంటుందనుకున్నాను. ఎండ ఎక్కడుంది? కాసేపటికి ఇంకొకటి. ఆ వెంటనే రెండు కలిసి, లోపలినుంచి, మూకుడు కింద గింజల్లాగా. నేను టాపు ఇటు తిప్పి గాలి మొత్తం వదిలేశాను. గోడ ముందర దుమ్ము లేచింది. ముల్లు సున్నాకు పడేదాకా చెయ్యి తియ్యలేదు.

ఏమైందని లింగయ్య అడిగాడు. చప్పుడు వచ్చిందన్నాను. అతను అందరి వైపూ తిరిగాడు.

"ఎవరన్న ఇన్నరా? నేనైతే ఇన్లే. ఇన్నోళ్ళు చెప్పుండ్రి."

ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన నా మొహం తప్ప ఇంకేమీ చూడలేదు, ఆయనకు అదే చాలు. నా పక్కనున్న సుగుణ వైపు చూశాను. తల వంచుకుని కొంగు ముడి విప్పుతున్నది, కడుతున్నది. లింగయ్య నవ్వి, గట్లయితే నాకు రోజూ కలలొస్తయి మరియక్కా అని, గొలుసు విప్పించుకుని, మెత్తబడ్డ టైరును రోడ్డు వైపు దొర్లించుకుపోయాడు. మాట తప్పావని నేను అన్నాను, అతను వెనక్కి చూడలేదు. ఆడవాళ్ళు బండి దగ్గరికి నడవసాగారు.

అప్పుడు సుగుణ లేచింది. బండి దగ్గరికి పోయి తన సద్ది మూట తీసుకుని చంకన పెట్టుకుంది. నా వైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టింది. అన్నీ ఇక్కడ రాయలేను.

"పొద్దుగాల్నే పీడ వెట్టింది. ఇగ ఆ బండి ఎక్క బుద్ధయితదా? పత్తి పోతే పోనియ్, నేను రాను. దీని ఇంట్ల దీపం వెట్ట!"

తిట్టుకుంటూనే ఇంటి దారి పట్టింది. ఆమె లేకుండా మిగతావాళ్ళకు ఆ చేనూ తెలియదు, ఆ రైతూ తెలియడు. ఒకరి వెనక ఒకరు మూటలు తీసుకున్నారు. పోతూ పోతూ అందరూ నన్నే చూశారు. లింగయ్య కబురు విని తిరిగి వచ్చి, ఎక్కించుకోవడానికి మనుషులే లేరని టైరును కడీల మీదికి విసిరికొట్టి, వేరే టైరు తేవడానికి నకిరేకల్ బస్సెక్కాడు. సాయంత్రం వాన పడింది. రెండు రోజులు వదల్లేదు. ఆ చేను నల్లబడింది.

మర్నాడు మా ఆయన టైరును నడిమికి కోశాడు. పక్క గోడలో తీగలు ఒకదాని పక్కన ఒకటి, పళ్ళూడిన దువ్వెనలాగా తెగి ఉన్నాయి. లింగయ్యను పిలిచి చూపిస్తే, నీ రంపమే తెంపింది అన్నాడు. రంపం నడిచింది నడుమ, తీగలు తెగింది పక్కన. చెప్పాను, వినే మనిషి లేడు. పగలని టైరుకు సాక్ష్యం ఉండదు. పగిలి ఉంటే నన్ను నెత్తిన పెట్టుకునేవారేమో, పగలలేదు కాబట్టి కూలి పోగొట్టినదాన్నయ్యాను. ఆ ఏడు క్రిస్మస్‌కు కూడా సుగుణ మా గడప తొక్కలేదు. మళ్ళీ మాట కలవడానికి చాలా కాలం పట్టింది. కలిసినా ఆ రోజు సంగతి ఎవరమూ ఎత్తలేదు. నాకు అర్థం కానిది ఒకటే. అందరికంటే ఎక్కువ తిట్టిన మనిషి అందరికంటే ముందు ఎందుకు వెనక్కి తిరిగింది?

ఇప్పుడు మా ఇల్లూ దుకాణం వెనకనే, దుకాణం రూతమ్మది. ఇనుప పంజరం వచ్చింది. కావలసినంత గాలి నిండగానే తనంతట తానే ఆగే మిషను వచ్చింది. రింగుల చక్రాలు కనపడటం లేదు, ట్యూబులే లేని టైర్లు ఎక్కువ. స్కూటర్ల మీద ఆడపిల్లలు వచ్చి, దిగకుండానే గాలి కొట్టించుకుపోతున్నారు. ఒకప్పుడు ఒక అతుకు వేసి, ఆరబెట్టి, నీళ్ళలో ముంచి చూసేలోపు నాలుగు ఊర్ల ముచ్చట్లు వినేవాళ్ళం. ఇప్పుడు ముచ్చట మొదలయ్యే లోపలే పని అయిపోతుంది. పని బాగుపడింది, అందులో అనుమానం లేదు. మా ఆయన చెవులు ఈ కాలంలో అయితే మిగిలేవి. కడీలు నాలుగూ అక్కడే ఉన్నాయి, రూతమ్మ వాటికి తాడు కట్టి బట్టలు ఆరేస్తుంది. నా చెవులు మాత్రం పోయాయి. చర్చిలో పాస్టరు పెదవులు చూసి ఆమెన్ అంటున్నాను.

మొన్న తొట్టి బోర్లించిన రోజు సంగతి పూర్తి చేయాలి. తీగల మొనలు తడుముతూ నేను అక్కడే కూర్చున్నాను. సుగుణ బొబ్బర్ల చాట పక్కకు పెట్టి వచ్చి నా ఎదురుగా నిలబడింది. పెదవులు కదిలాయి. నాకు అందలేదు. ఏందన్నాను. మళ్ళీ అన్నది. మళ్ళీ అందలేదు. అప్పుడు ఆమె వంగి, నా చెవి దగ్గర, దుకాణం ముందర ఉన్న బండ్ల వాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా అరిచింది.

"ఆ దినం పేలాల సప్పుడు నేను గూడ ఇన్న అక్కా!"

 మరి లింగయ్య అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాను. సుగుణ నా పక్కన కూర్చుని, ఈసారి నా కళ్ళెదుట, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

"అందరి కూలి నా నోట్ల ఉండె. ఇన్న అంటే నేను పోగొట్టినట్టు. నిన్ను తిట్టుకుంట పోతే నువ్వు పోగొట్టినట్టు. నీకు మొగడుండె, దుకాణముండె. నువ్వు మొయ్యగలుగుతవనుకున్న."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. ఒక క్రిస్మస్ కోపం, ఇన్నేళ్ళ వాడకట్టు చూపుల కోపం. కాని దాని కింద ఇంకొకటి ఉంది, దానికి నేను సిద్ధంగా లేను. ఆ చప్పుడు నా కోరిక కాదు. అది బయట, గాలిలో, ఇద్దరు మనుషులు వినేంతగా ఉండింది. టైరును పారేయొద్దు, కడిగి మళ్ళీ పెట్టు అని రూతమ్మతో అన్నాను.

ఇంతలో ఒక వ్యాను చక్రం వచ్చింది. రూతమ్మ దాన్ని పంజరంలో పెట్టి, పైపు తగిలించి, నేను నేర్పినట్టే వేలు లేపింది. అందరూ నోర్లు మూసుకున్నారు. నాకు అప్పటికే అంతా నిశ్శబ్దమే. ముల్లు పైకి పోతున్నది. నేను మీటరు చూడటం మానేసి సుగుణను చూశాను. ఆమె కళ్ళు మూసుకుని, మెడ వంచి, మా అవ్వ పొయ్యి ముందర కూర్చున్నట్టు కూర్చుని ఉంది. ముల్లు నిండేచోటికి వచ్చింది. నేను అడగకముందే ఆమే కళ్ళు తెరిచి, నా వైపు తిరిగి, చప్పుడేమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. చక్రం బయటికి తీసుకొమ్మని నేను రూతమ్మకు చెయ్యి ఊపాను.